పెళ్లయి పద్నాలుగు నెలలు... వీసా ఫైలే ఇంకా పెట్టలేదు

కందుకూరు దగ్గరి ఒక ఊరి నుంచి ఇరవై ఏడేళ్ల పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. బీటెక్ చదివి హైదరాబాద్‌లో మూడేళ్లు ఉద్యోగం చేశారు. అమెరికా సంబంధం ఖాయమయ్యాక "ఆర్నెల్లలో పోయేదానివి, ఇంకా ఉద్యోగమెందుకు" అని పెద్దవాళ్లంటే మానేశారు. భర్త టెక్సాస్‌లో ఉంటారు. పెళ్లికి ముందే కంపెనీ ద్వారా ఆయనకు గ్రీన్‌కార్డు వచ్చింది, ఇప్పటికి మూడున్నరేళ్లు. పెళ్లికి మూడు వారాలు, మొన్న సంక్రాంతికి పది రోజులు వచ్చి వెళ్లారు. రోజూ ఫోన్ చేస్తారు.

అత్తగారు అడిగినవాళ్లందరికీ "ప్రాసెస్‌లో ఉంది" అని చెబుతూ వచ్చారు. ఈమె కూడా అదే నమ్మారు. రెండు నెలల కిందట ఒక స్నేహితురాలు "రసీదు నంబరుంటే ఎక్కడిదాకా వచ్చిందో నువ్వే చూసుకోవచ్చు" అంటే భర్తను ఆ నంబరు అడిగారు. అప్పుడు తెలిసింది, అసలు ఏమీ పెట్టనేలేదని. ఆయన చెప్పిన కారణం: "గ్రీన్‌కార్డు మీద పెడితే క్యూలో ఇరుక్కుంటాం. ఏడాది దాటితే సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తాను. అది రాగానే నీది పెడితే చకచకా అయిపోతుంది." ఇంకో రోజు మాటల్లో మరో సంగతి బయటపడింది. పోయినేడాది లేఆఫ్ అయి మూడు నెలలు ఖాళీగా ఉన్నారట. ఇప్పుడున్నది తక్కువ జీతానికి కాంట్రాక్టు ఉద్యోగం. ఇల్లు కూడా రెండుసార్లు మారారు.

ఇక్కడ వీళ్ల నాన్నగారు ఆగలేక నెల్లూరులో ఒక కన్సల్టెంటును కలిశారు. లక్షన్నర అవుతుంది, ముందు విజిటర్ వీసా మీద పంపిద్దాం, అక్కడ దిగాక మార్చుకోవచ్చు అన్నాడట ఆయన. ఇరవై వేలు అడ్వాన్సు, దాంతోపాటు అమ్మాయి ఒరిజినల్ పాస్‌పోర్టు అక్కడ పెట్టి వచ్చారు. కాగితాలు సర్దుతుంటే కొత్త భయాలు పుట్టాయి: మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఫొటోల్లో మర్నాటి తేదీ. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీ. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ.

ఉత్తరం చివర ఇలా రాశారు: "ఎవరు ఎదురుపడినా ఇంకా పోలేదా అమ్మాయ్ అంటున్నారు. నాకు ఈయన మీద కోపం తెచ్చుకోవాలో, అమెరికా గవర్నమెంటు మీద తెచ్చుకోవాలో తెలియడం లేదు. అసలు ఆయనకు నన్ను తీసుకెళ్లాలని ఉందా?"

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో ఆలస్యం అన్న మాట పేజీ పేజీకీ ఉంది. కానీ ఈ పద్నాలుగు నెలల్లో అమెరికా ప్రభుత్వం వల్ల పోయింది ఒక్క రోజు కూడా లేదు. వాళ్లకు కాగితం చేరితే కదా ఆలస్యం చేయడానికి! కాబట్టి ఆ కోపం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దాని అవసరం ముందు ముందు రావచ్చు.

ముందు మీ ఆయన చెప్పిన కారణం సంగతి. అందులో సగం నిజం. సిటిజన్ భార్యకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు, గ్రీన్‌కార్డుదారు భార్యకు ఉంది. ఆ కోటాను ఎఫ్2ఏ అంటారు. 2019 జూలై నుంచి 2023 మార్చి వరకు అందులో క్యూయే లేదు. 2023 ఏప్రిల్‌లో, ఏనాటి దరఖాస్తుల వరకు వంతు వచ్చిందో చెప్పే తేదీలు వెనక్కి వెళ్లాయి, అప్పటి నుంచి నిరీక్షణ తప్పడం లేదు. ఉద్యోగాల కోటాలో మనవాళ్లు పడే దశాబ్దాల నిరీక్షణ మాత్రం ఇక్కడ లేదు. ఈ కోటాలో ఎక్కువ భాగానికి దేశాలవారీ పరిమితి వర్తించదు కాబట్టి భారతీయులకూ మిగతా దేశాలవాళ్లకూ సాధారణంగా ఒకటే తేదీ నడుస్తుంది. అమెరికా విదేశాంగ శాఖ ప్రతినెలా వీసా బులెటిన్‌లో ఆ తేదీ వేస్తుంది.

మీ ఆయన చూడనిది మిగతా సగం. గ్రీన్‌కార్డు మీద ఈ రోజు మీకోసం పిటిషన్ (ఐ-130 అనే ఫారం) పెట్టి, అది నడుస్తుండగానే ఆయన సిటిజన్ అయితే, అదే పిటిషన్ సిటిజన్ భార్య కేసుగా మారిపోతుంది. మళ్లీ కొత్తది పెట్టక్కర్లేదు, ఆ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. కేసు అప్పటికి ఎక్కడుంటే అక్కడికి, అంటే పిటిషన్లు పరిశీలించే ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు గానీ, ఆమోదమయ్యాక వీసా కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కు గానీ, సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కాపీ పంపి చెబితే చాలు. సిటిజన్‌షిప్ ఏ కారణంగానైనా వెనకబడితే ఈలోగా ఎఫ్2ఏ క్యూలో మీ తేదీ ఎలాగూ ముందుకు జరుగుతుంటుంది. తిరుమలలో టోకెన్ తీసుకోకుండా కింద కూర్చుని, క్యూ పెద్దదిగా ఉంది తగ్గాక వెళ్దాం అన్నట్టుంది ఆయన లెక్క.

నెలల్లో చూడండి. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచి సిటిజన్‌షిప్ దరఖాస్తు, ఎన్-400, వేయవచ్చు. అంటే ఇంకో పదిహేను నెలలు. అది వేశాక ఇంటర్వ్యూ, ప్రమాణం అయ్యేసరికి మరికొన్ని నెలలు. ఆయన పద్ధతిలో అయితే మీ ఐ-130 పిటిషన్ ఆ తరువాత మొదలవుతుంది. దాన్ని పరిశీలించడానికే చాలా నెలలు పడుతుంది, సిటిజన్ పెట్టినా సరే. ఇప్పుడే పెడితే ఆ పరిశీలన, ఆయన సిటిజన్‌షిప్ నిరీక్షణ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఆయన చేతికి సర్టిఫికెట్ వచ్చేనాటికి మీ పిటిషన్ ఆమోదం పొంది వీసా సెంటర్‌లో కూర్చునే అవకాశం బాగా ఉంది. ఆగడం వల్ల కలిసొచ్చేది ఏముందా అని చూశాను, మీ పరిస్థితిలో నాకైతే ఏమీ కనిపించలేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఈ మధ్యలో మీకు ఇక్కడ బిడ్డ పుడితే, ఎఫ్2ఏలో తల్లితోపాటే బిడ్డ పేరు ఎక్కుతుంది గానీ సిటిజన్ కేసుగా మారాక ఆ సౌకర్యం ఉండదు. బిడ్డ సంగతి విడిగా చూసుకోవాల్సి వస్తుంది.

రెండో కారణం, ఆయన నోరు తెరిచి చెప్పనిది, ఉద్యోగం. నా అనుమానం అసలు చిక్కు ఇక్కడే ఉందని. స్పాన్సర్ చేయాలంటే జీతం చూపించాలి, ఇప్పుడు చూపిస్తే సరిపోదేమో, తిరస్కరిస్తే మామగారి ముందు తలెత్తుకోలేను అనుకుని ఉండవచ్చు. దీనికి రెండు జవాబులున్నాయి, రెండూ ఆయనకు చేరాలి. ఐ-130 పెట్టేటప్పుడు ఆదాయం అడగరు. ఆదాయం చూపించే అఫిడవిట్, ఐ-864, పిటిషన్ ఆమోదమై వీసా సెంటర్‌కు చేరాక వస్తుంది. ఈ రోజు ఉద్యోగం చిన్నదని పిటిషన్ ఆపుకోవాల్సిన పనిలేదు. రెండోది, ఆ అఫిడవిట్‌కు కావలసింది మీరనుకునేంత పెద్ద జీతం కాదు. పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్కల ప్రకారం ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి 26,437 డాలర్లు. ఆయన కాంట్రాక్టు జీతం దీనికి పైనే ఉండి ఉంటుంది. లేకపోయినా జాయింట్ స్పాన్సర్‌ను పెట్టుకోవచ్చు. అయితే ఆ మనిషి సిటిజన్ గానీ గ్రీన్‌కార్డుదారు గానీ అయి అక్కడే నివాసం ఉండాలి. హెచ్-1బీ మీద ఎంత జీతం తెచ్చుకునే స్నేహితుడైనా ఇందుకు పనికిరాడు. ఈ సంగతి ఆఖరి నిమిషంలో తెలిసి పరుగులు పెట్టిన ఇళ్లున్నాయి.

ఆదాయం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ట్యాక్స్ రిటర్న్. పెళ్లయిన ఏడాది డిసెంబరు 31 నాటికి ఆయన వివాహితుడే. అలవాటుకొద్దీ 'సింగిల్' అని ఫైల్ చేసి ఉంటే, ఒక చేత్తో భార్యను స్పాన్సర్ చేస్తూ ఇంకో చేత్తో భార్య లేదని ప్రభుత్వానికి రాసిచ్చినట్టవుతుంది. ఇప్పుడే అడగండి. అలా చేసి ఉంటే సవరణ రిటర్న్ వేసుకోవచ్చు, మీకు ఐటీఐఎన్ (పన్నుల కోసం అక్కడ ఇచ్చే నంబరు) కావాలేమో అక్కడి ఆడిటరును, అంటే సీపీఏని, అడిగితే చెబుతారు. ఇల్లు మారిన సంగతి కూడా అంతే. సిటిజన్ కానివాళ్లు ఇల్లు మారితే పది రోజుల్లోగా యూఎస్‌సీఐఎస్‌కు తెలపాలి. పిటిషన్ పెట్టాక మారి, చెప్పకపోతే, వాళ్లు అదనపు ఆధారాలు అడిగిన ఉత్తరం పాత అపార్ట్‌మెంట్ డబ్బాలో పడి ఉంటుంది. గడువు అక్కడే దాటిపోతుంది.

ఇక నాన్నగారి కన్సల్టెంటు. అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు తెచ్చుకోండి, ఈ వారంలోనే. అడ్వాన్సు తిరిగొస్తుందా లేదా అన్నది తరువాత చూసుకోవచ్చు. విజిటర్ వీసా ఇంటర్వ్యూలో తిరిగి వస్తానని నమ్మించాల్సింది మీరు. కొత్తగా పెళ్లయింది, భర్త అక్కడే గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు, ఇక్కడ ఉద్యోగం లేదు. ఈ మూడూ విన్నాక నమ్మే ఆఫీసరు అరుదు. భర్త అక్కడున్నారా, మీ పేరున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అన్న ప్రశ్నలు ఆ దరఖాస్తులోనే ఉంటాయి. "అవి నేను చూసుకుంటాను" అని కన్సల్టెంటు అన్నాడంటే అబద్ధం రాస్తానని అర్థం. ఆ అబద్ధం ఆయన పేరు మీద కాదు, మీ పేరు మీద నమోదవుతుంది. వీసా కోసం తప్పుడు సమాచారం ఇచ్చారని ఒకసారి తేలితే అది జీవితాంతం వెంటాడే అనర్హత, రేపటి అసలు కేసుకు కూడా అడ్డమే.

సరే, అదృష్టం బాగుండి నిజమే చెప్పి వీసా వచ్చిందనుకుందాం. అక్కడ సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఎఫ్2ఏలో మీ తేదీ ఆలోగా రాదు. గడువు దాటి ఉండిపోతే అక్కడే గ్రీన్‌కార్డుకు మారే దారి మూసుకుంటుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి వెళ్లలేరు. సిటిజన్ భార్యల విషయంలో కొన్ని మినహాయింపులున్న మాట నిజమే. కన్సల్టెంట్లు ఆ కథలనే అందరికీ అమ్ముతారు. మీ భర్త ఇంకా సిటిజన్ కాదు. నిజాయితీగా నెల రోజులు చూసి రావడానికి విజిటర్ వీసాకు ప్రయత్నించడం తప్పేమీ కాదు, తిరస్కరిస్తే ఇమిగ్రెంట్ కేసు చెడదు కూడా. కానీ దాన్ని అక్కడ ఉండిపోయే దారిగా చూడకండి.

కాగితాల దగ్గరికి వద్దాం. మీరు నిద్ర పోగొట్టుకున్నది వీటి గురించే. పెళ్లి తేదీతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ చిక్కు మన తెలుగు పెళ్లిళ్లలో ఎదురయ్యేదే. మీ శుభలేఖలో "శనివారం రాత్రి తె. 2-48 ని.లకు, తెల్లవారితే ఆదివారం" అని ఉందని రాశారు. మన పంచాంగంలో సూర్యోదయం అయితే గానీ రోజు మారదు, కాబట్టి అది శనివారం ముహూర్తమే. గడియారం లెక్కలో అర్ధరాత్రి దాటింది, అది ఆదివారం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ నింపిన మీ బాబాయి శుభలేఖ చూసి శనివారం తేదీ వేశారు. కెమెరా ఆదివారం తేదీ వేసింది. దీంట్లో ఎవరి తప్పూ లేదు. ప్రమాదం ఎక్కడంటే, ఆయన ఐ-130లో ఒక తేదీ రాసి, మీరు ఏడాదిన్నర తరువాత డీఎస్-260 అనే వీసా దరఖాస్తులో ఇంకోటి రాసి, ఇంటర్వ్యూలో ఆఫీసరు "పెళ్లెప్పుడు" అంటే మూడో రకంగా చెప్పడంలో.

మీ ముందు రెండు దారులున్నాయి. సర్టిఫికెట్‌ను అలాగే ఉంచి, అందులో ఏ తేదీ ఉందో అదే ప్రతి ఫారంలో, ట్యాక్స్‌లో, ఇన్సూరెన్సులో వాడటం ఒకటి. శుభలేఖకు ఇంగ్లీషు అనువాదం చేయించి, ముహూర్తం అర్ధరాత్రి దాటాక అన్న నాలుగు వాక్యాల వివరణ జత చేయండి. లేదంటే రిజిస్ట్రార్ దగ్గర తేదీ సరిచేయించుకోవడం. దానికి ఇద్దరి సంతకాలు అడిగితే మీ ఆయన మళ్లీ వచ్చేదాకా ఆగాలి. సర్టిఫికెట్టూ శుభలేఖా ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి నేనైతే మొదటిదే మేలంటాను. ఏదైనా పిటిషన్ పెట్టకముందే తేల్చుకోండి. పెట్టాక సర్టిఫికెట్ మార్చడం కొత్త అనుమానాలకు తావిస్తుంది.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీ ఉండటం చిన్న విషయంలా కనిపిస్తుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరుతో కలిపి రాసినదంతా గివెన్ నేమ్ గడిలో పడిపోవడం మన దగ్గర మామూలే. అమెరికా వీసాలో అలాంటివాళ్ల పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్లి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. అది గ్రీన్‌కార్డులోకి, అక్కడి నుంచి డ్రైవింగ్ లైసెన్సులోకి పాకుతుంది. పాస్‌పోర్టు రీఇష్యూ పెట్టి ఇంటిపేరు విడదీయించుకోండి. అందుకోసం పిటిషన్ ఆపనక్కర్లేదు. రేపు పాస్‌పోర్టులో ఎలా ఉండబోతుందో ఆ పేరుతోనే ఐ-130 పెట్టి, ఇప్పటి రూపాన్ని 'వాడిన ఇతర పేర్లు' గడిలో రాస్తే సరిపోతుంది. పెళ్లయింది కదా అని భర్త ఇంటిపేరుకు మారాలని అమెరికా ఏమీ అడగదు. మారాలని మీకుంటే ఇప్పుడే మారండి, దారి మధ్యలో వద్దు.

బర్త్ సర్టిఫికెట్ ఐ-130కి అక్కర్లేదు, వీసా సెంటర్ దశలో కావాలి. అయినా పని ఇప్పుడే మొదలుపెట్టండి, మున్సిపల్ ఆఫీసు పని ఎప్పుడు తెములుతుందో ఎవరు చెప్పగలరు. పేరు చేర్పించండి. అది కుదరకపోతే టెన్త్ సర్టిఫికెట్, అమ్మానాన్నల అఫిడవిట్లు సిద్ధంగా ఉంచుకోవాలి. పుట్టిన తేదీ ఆసుపత్రిలో రాసిందీ, బడిలో వేయించిందీ ఒకటేనా అన్నది కూడా ఓసారి చూడండి. బర్త్ సర్టిఫికెట్‌లో ప్రకాశం జిల్లా, ఆధార్‌లో నెల్లూరు జిల్లా అని ఉందని కంగారు పడ్డారు. కందుకూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చిందన్నది ప్రభుత్వ రికార్డు. జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా మీరు పుట్టిన ఊరు మారదు, ఫారంలో ముఖ్యంగా అడిగేది ఊరూ దేశమే.

ఇంతకీ పిటిషన్ పెట్టడానికి ఇప్పుడు నిజంగా కావలసినవి ఎంతో లేవు. ఆయన గ్రీన్‌కార్డు రెండు వైపులా కాపీ, మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరి ఫొటోలు, ఇద్దరిలో ఎవరికైనా ముందు పెళ్లయి ఉంటే విడాకుల డిక్రీ, మీ వివరాలతో ఐ-130ఏ అనే అనుబంధం, ఫీజు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. కట్టే రోజున యూఎస్‌సీఐఎస్ సైట్‌లో మరోసారి చూసుకోమనండి. ఐ-130ఏలో ఐదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు నెలలతో సహా అడుగుతారు. అమీర్‌పేటలో మీరు మారిన హాస్టళ్లన్నీ గుర్తు తెచ్చుకుని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. తరువాతి ఫారంలోనూ అవే తేదీలు రావాలి.

పెళ్లి నిజమైనదని చూపే ఆధారాలు వీటితోపాటే పెడితే మంచిది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు, మూడు వారాల సెలవు, ఇవన్నీ మీ ఇంటర్వ్యూ చేసే ముంబై కాన్సులేట్ రోజూ చూసేవే. పెళ్లి ఆల్బమ్ మొత్తం పంపకండి. రెండు కుటుంబాలూ కనిపించే పెళ్లి ఫొటోలు, పెళ్లయిన మొదటి శనివారం మాలకొండకు వెళ్లినవి, సంక్రాంతినాటివి కొన్ని, ఆయన టికెట్లు, బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో ముద్రలు, మీకు పంపిన డబ్బు, నామినీగా మీ పేరున్న ఇన్సూరెన్సు. పెళ్లి తరువాత కూడా బంధం నడుస్తోందని చూపేవే ఎక్కువ పనిచేస్తాయి. తక్కువ పెడితే అదనపు ఆధారాలు కావాలని నోటీసు వస్తుంది, దానికి జవాబిచ్చి వాళ్లు మళ్లీ చేతిలోకి తీసుకునేసరికి నెలలు దొర్లిపోతాయి. అలాంటి నోటీసు వస్తే అడిగినవన్నీ ఒకేసారి, గడువులోపు పంపాలి. విడతలుగా పంపే వీలుండదు.

ఆమోదం తరువాతి దశ గురించి క్లుప్తంగా చెబుతాను. వీసా సెంటర్ ఫీజులు 325, 120 డాలర్లు. అక్కడ డీఎస్-260 మీ ఫారం, మీరే నింపాలి, లాగిన్ మీ దగ్గరా ఉండాలి. ఏడాదిపాటు ఏమీ కదపకుండా వదిలేస్తే కేసు మూసేయవచ్చు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు సేవా ద్వారా వస్తుంది, దాన్ని మరీ ముందే తీసుకుని పాతబడనివ్వకండి. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో అనుకుంటున్నారు మీరు. ఇమిగ్రెంట్ వీసాలకు ముంబై వెళ్లాలి. మెడికల్ కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. ఎక్స్‌రేలో టీబీ అనుమానం వస్తే కఫం కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు వచ్చి ఉంటే మెడికల్‌ను ఇంటర్వ్యూ ముందురోజుకు పెట్టుకోకండి.

మీ చివరి ప్రశ్నకు వస్తున్నాను. ఆయన మనసులో ఏముందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఉత్తరంలో ఉన్నదాన్ని బట్టి నాకు కనిపిస్తున్నది మోసం కంటే మొహమాటం. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచుకున్నవారు, అడిగితే ఫైల్ పెట్టలేదని నిజమే చెప్పారు. కానీ వాళ్లమ్మ ఏడాదిపాటు ఊరందరికీ "ప్రాసెస్‌లో ఉంది" అంటుంటే ఆయన దిద్దలేదు. ఆమెకు తెలిసి అన్నారా, కొడుకు చెప్పింది నమ్మి అన్నారా అన్నది మీరు తెలుసుకోవాల్సిన విషయమే. అత్తగారితో గొడవగా కాదు, ఆయనతో మాటగా.

"నన్ను తీసుకెళ్తారా లేదా" అని మొదలుపెడితే ఆయన సంజాయిషీ చెప్పుకుంటారు, ఆ పూటకు ఫోన్ పెట్టేస్తారు. అలా కాకుండా ఈ లెక్క చెప్పండి: ఇప్పుడు పెట్టినా తరువాత అదే సిటిజన్ కేసు అవుతుంది, జీతం సంగతి ఇప్పుడు అడగరు. అది విన్నాక ఒక ఆదివారం పొద్దున, ఆయనకు శనివారం రాత్రి, వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి యూఎస్‌సీఐఎస్ ఖాతా తెరిచి ఫారం నింపుదాం అనండి. తిన్నగా కూర్చుంటే రెండు మూడు వారాంతాల పని. లాయరును పెట్టుకుంటే ఇంకా నిశ్చింత, కాకపోతే ఖర్చు. ఇద్దరికీ ఇదే మొదటి పెళ్లి అయి, పాత వీసా గొడవలు, కేసులు ఏమీ లేకపోతే సొంతంగా పెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏదైనా చిక్కుంటే అక్కడ లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికే వెళ్లండి, ఏజెంటు దగ్గరికి కాదు.

పెట్టారనడానికి గుర్తు ఐ-797 రసీదు. అందులో మూడు అక్షరాలు, పది అంకెల నంబరు ఉంటుంది. యూఎస్‌సీఐఎస్ సైట్‌లో కేస్ స్టేటస్ గడిలో ఆ నంబరు కొడితే లాగిన్ లేకుండానే మీరు కందుకూరులో కూర్చుని చూసుకోవచ్చు. ఇకమీదట ఎవరు "ప్రాసెస్‌లో ఉంది" అన్నా మీరు నమ్మాల్సింది ఆ నంబరునే.

లెక్క అంతా చెప్పాక కూడా ఆయన రెండు మూడు నెలలు ఏదో ఒక సాకుతో దాటవేస్తే, అప్పుడు మీ ప్రశ్న వేరే ప్రశ్న అవుతుంది. అప్పుడు రెండువైపుల పెద్దల్ని కూర్చోబెట్టండి, అమెరికాలో ఆయన బంధువులెవరైనా ఉంటే వాళ్లతో మాట్లాడించండి. అదీ ఫలించకపోతే జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్ ఉంది, ఇలాంటి ఫిర్యాదుల కోసమే పెట్టింది. ఇప్పుడే అక్కడికి వెళ్లమని నేను చెప్పడం లేదు. ఆ తలుపు ఉందని మీకు తెలిసి ఉండాలి.

ఆయనే ఉద్యోగానికి విరామమిచ్చి ఇక్కడికొచ్చి ఉంటే ఎలా ఉంటుందని కూడా అడిగారు. ఒకటి రెండు నెలలు వచ్చి ఉంటే మీ ఇద్దరికీ మంచిదే, కేసుకూ మంచిదే. ఆరు నెలలు దాటి బయట ఉంటే మాత్రం సిటిజన్‌షిప్ లెక్కలో నిరంతర నివాసం తెగిందని అంటారు. ఏడాది దాటితే గ్రీన్‌కార్డుకే ఎసరు. దేనికోసం ఆగుదామంటున్నారో దాన్నే వెనక్కి నెట్టుకున్నట్టవుతుంది.

మీ ఉద్యోగం విషయంలో నా మాట కాస్త గట్టిగానే చెబుతాను. మళ్లీ చేరండి. అన్నీ సజావుగా సాగినా ఏడాదిన్నర, రెండేళ్లు మీరిక్కడే ఉంటారు. హైదరాబాద్ వెళ్తారో, ఇంటి నుంచే చేసే పని చూసుకుంటారో మీ ఇష్టం. రెండేళ్ల ఖాళీ మీ రెజ్యూమెకు అక్కడికెళ్లాక కూడా భారమే. "ఇంకా పోలేదా" అనేవాళ్లకు ఆఫీసు టైమ్ అయిందని చెప్పి వెళ్లిపోవచ్చు.

రసీదు వచ్చాక, లేదా ఆదివారం మాటలు తేలకపోతే, మళ్లీ రాయండి. రాసేటప్పుడు మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ జత చేయండి, తేదీ గడి ఎలా నింపారో నేనూ చూస్తాను.